మూత తెరిచి వదిలేసిన పెట్టె

1989 మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా నాన్న డార్ట్‌మూర్ బీడు మీద నుంచి దిగి వచ్చి, తడిసి ముద్దయిన ఒక పుస్తకాన్ని వంటింటి బల్ల మీద పెట్టాడు. టోపీ తీయలేదు, బూట్లు విప్పలేదు. కుర్చీలో కూలబడి ఆ పుస్తకం వైపే చూస్తూ ఉండిపోయాడు. ఎవరో పోయారనుకున్నాను.

"క్రోవెల్ గుట్ట పెట్టె," అన్నాడు చివరికి. "మూత తెరిచి వదిలేశారు. సంచి గాలికి ఎగిరి ముళ్ళపొదకి చిక్కుకుంది. ముద్ర గడ్డిలో పడుంది. పుస్తకం చూడు, రోవీనా. పదకొండేళ్ళ పుస్తకం."

పేజీలు విడదీయబోతే జావలా చేతికి ఊడివచ్చాయి. ఆ పుస్తకంలో నాన్న ప్రాణస్నేహితుడు విల్ఫ్రెడ్ చివరి రాత ఉంది. పోయేముందు వేసవిలో కర్ర పట్టుకుని గుట్ట ఎక్కి, "ఇంకా ఊపిరి ఉంది, క్లారెన్స్!" అని రాసి వచ్చాడాయన. ఆ పేజీ ఏదో కూడా ఇప్పుడు తెలియడం లేదు.

ముప్ఫై నాలుగేళ్ళు ఆ చుట్టుపక్కల పల్లెలకు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి మా నాన్న. ఆ తర్వాత ఆయన లోకమంతా ఈ పెట్టెలే. లెటర్‌బాక్సింగ్ అంటారు మా వైపు. బీడు మీద బండల సందుల్లో ఎవరో ఒక డబ్బా దాస్తారు. అందులో ఒక రబ్బరు ముద్ర, ఒక పుస్తకం ఉంటాయి. ఆనవాళ్ళు పట్టుకుని వెతికి దాన్ని కనిపెట్టినవాడు తన సొంత ముద్రను ఆ పుస్తకంలో వేస్తాడు, డబ్బాలోని ముద్రను తన పుస్తకంలో వేసుకుంటాడు, డబ్బాను మళ్ళీ దాచేసి వెళ్ళిపోతాడు. అంతే ఆట. నాన్నకి సొంతంగా ముప్ఫై పైచిలుకు పెట్టెలుండేవి. ముద్రలన్నీ తనే చిన్న కత్తితో చెక్కుకున్నాడు.

"ఇందులో గెలవడం, ఓడడం ఏమీ లేవు, మర్యాద ఒక్కటే ఉంది," అనేవాడు. కొత్తవాళ్ళెవరొచ్చినా కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. పెట్టె ఎలా దొరికిందో అలాగే పెట్టి రావాలి. సంచి మూతి రెండుసార్లు ముడేయాలి. మూత గట్టిగా నొక్కాలి, ముందు రాయి అడ్డం పెట్టాలి. పాతకాలపు గోడల్లోంచి రాయి పీకకూడదు. గొర్రెలు ఈనే రోజుల్లో కుక్కని వదలకూడదు. దగ్గర్లో ఎవరైనా కనబడితే పెట్టె జోలికి పోకుండా దూరంగా కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగుతూ మబ్బుల్ని చూస్తున్నట్టు నటించాలి. చోటు ఎక్కడో ఎవరికీ చెప్పకూడదు. పిల్లలకి ఎక్కాలు నేర్పినట్టు నేర్పేవాడు ఇవన్నీ.

అమ్మ టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. పుస్తకం వైపు చూసి, "అయ్యో," అంది. అమ్మ పేరు ఎనిడ్. ఊరి బడి వంటగదిలో ఇరవై రెండేళ్ళు పిల్లలకి వండిపెట్టింది. క్రిస్మస్‌కి ఆ బడి మూసేశారు. "ఇక హాయిగా విశ్రాంతి తీసుకో," అన్నాడు నాన్న. నేనూ అదే అన్నాను.

పుస్తకం చివర ఒక్క పేజీ మిగిలింది, వెనక అట్టకి అతుక్కుని. దాని మీద తోక నిక్కబొడుచుకున్న చిన్న పిట్ట ముద్ర ఉంది. సగమే పడింది, తోక, ఒక రెక్క.

"ఈ ముద్ర నాకు తెలుసు," అన్నాడు నాన్న. "హానఫర్డ్ పంతులమ్మది."

మురియెల్ హానఫర్డ్ అదే బడిలో టీచరు. నాకూ చదువు చెప్పారు. బడి మూతపడ్డాక ఆవిడ చేతికర్ర, బరువైన బూట్లు కొనుక్కుని పెట్టెల వేటలోకి దిగి మూడు నెలలయింది. నాన్న దగ్గర పాఠం కూడా విన్నారు.

నేను అప్పుడు ఊళ్ళో పబ్బులో పనిచేసేదాన్ని. బీడు మీద తిరిగేవాళ్ళంతా అక్కడే చేరేవారు. గోడ మీద వాళ్ళ కబుర్లకంటూ ఒక బోర్డు ఉండేది. మర్నాడు నాన్న ఇచ్చిన కాగితాన్ని ఆ బోర్డుకి గుచ్చింది నేనే. "తోక నిక్కబొడిచిన పిట్ట ముద్ర గలవారికి: పెట్టె మూత మూయడం చేతకానివాళ్ళు ఇంట్లో కూర్చుని స్వెట్టర్లు అల్లుకోవడం అందరికీ మంచిది," అని రాశాడు. పేరు రాయలేదు. రాయక్కర్లేదు కూడా. అందరికీ అందరి ముద్రలూ తెలుసు.

అది చాలనట్టు నేను కింద పెన్సిల్‌తో ఒక ముక్క కలిపాను. "పిట్ట ఎగిరే, మూత ఎగిరే!" బాగా నవ్వారు. గొర్రెల డెరెక్ అయితే బీరు గ్లాసు పట్టుకుని ఆ బోర్డు ముందు నిలబడి మూడుసార్లు పైకి చదివాడు. "పంతులమ్మ మనల్ని ఎన్నిసార్లు గోడవైపు నిలబెట్టిందో! ఇప్పుడు మన వంతు," అన్నాడు.

మిస్ హానఫర్డ్ గురువారం వచ్చారు. బోర్డు చదివారు. నా వైపు తిరిగి, "నీ చేతిరాత ఇంకా బాగుపడలేదు, రోవీనా," అన్నారు. చిన్న గ్లాసు ఆపిల్ సైడర్ అడిగి, నిలబడే తాగి వెళ్ళిపోయారు. నాకు కాస్త సిగ్గేసింది. కానీ కాగితం తీయలేదు.

మార్చి చివర్లో, సాయంత్రం వెలుతురు కలిసొచ్చేలా దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపే ఆదివారం నాడు ఏటా పెట్టెలవాళ్ళందరూ ఊరి హాల్లో కలుస్తారు. కొత్త పెట్టెల ఆనవాళ్ళ కాగితాలు చేతులు మారతాయి. ఆ ఏడు రెండొందల మందైనా వచ్చి ఉంటారు. నేను టీ పోస్తున్నాను. అమ్మ రాలేదు. తలనొప్పి అంది.

మిస్ హానఫర్డ్ ఒక బల్ల దగ్గరికి వెళ్ళారు. అక్కడి మనిషి తన కాగితాల మీద టోపీ బోర్లించాడు. పక్క బల్ల దగ్గరికి వెళ్తే అక్కడున్నావిడ తన కాగితాలు సంచిలో సర్దేసుకుంది. వెనక నుంచి ఎవరో పిట్టలా ఈల వేశారు. ఇంకెవరో అందుకున్నారు. నేను చూస్తుండగానే అరవై ఏళ్ళ మనిషి చుట్టూ హాలంతా కిచకిచలాడింది.

నాన్న చెయ్యెత్తి వాళ్ళని ఆపాడు. ఆయన మొరటు మనిషి కాదు. న్యాయంగా విచారించాలనే అనుకున్నాడు.

"మిస్ హానఫర్డ్, క్రోవెల్ గుట్ట పెట్టె తెరిచింది మీరేనా?"

"నేనే."

"మూయలేదా?"

"లేదు."

"ఎందుకని?"

ఆవిడ హాలంతా కలియజూశారు, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు. "అది చెప్పలేను, మిస్టర్ కాంటర్."

"పోనీ, పొరపాటయిందని ఒక్క మాటంటే..."

"పుస్తకం పోయినందుకు నాకు చాలా బాధగా ఉంది. విల్ఫ్రెడ్ నాకూ తెలుసు. కానీ పొరపాటని అనను. మళ్ళీ అలాంటి రోజే వస్తే మళ్ళీ అలాగే వదిలేసి వెళ్తాను."

నా చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది, కప్పు నిండి నీళ్ళు బల్ల మీదికి పారాయి. అంత మాట ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. నాన్న ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. ఆవిడ గ్లవ్స్ తొడుక్కుని, తలుపు నెమ్మదిగా వేసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి సాయంత్రం భోజనానికి కూర్చున్నాం. కొత్త టైము కాబట్టి బయట ఇంకా ఎండ ఉంది. నాన్న మాంసం ముక్కలు కోస్తూ జరిగినదంతా అమ్మకి చెప్పాడు. మిస్ హానఫర్డ్ గొంతు అనుకరించి మరీ చెప్పాడు. ఇక ఆవిడకి ఎవరూ ఆనవాళ్ళు ఇవ్వకూడదని అందరికీ ఉత్తరం రాస్తానన్నాడు.

"మళ్ళీ అలాగే చేస్తానందా?" అడిగింది అమ్మ.

"అంది. అందరి ముందూ. ఎంత పొగరు!"

అమ్మ లేచి సింకు దగ్గరికి వెళ్ళింది. కుళాయి తిప్పింది. కడగడానికి అక్కడ ఏమీ లేదు. కుళాయి కట్టేసి వచ్చి, మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది.

"క్లారెన్స్, ఆ రోజు ఆవిడ మూత నొక్కి, రెండు ముళ్ళేసి, రాయి అడ్డం పెట్టి దిగివచ్చి ఉంటే నేనివాళ ఇక్కడ ఉండేదాన్ని కాదు."

నాన్న కత్తి పట్టుకునే ఉన్నాడు. "ఇక్కడ అంటే?"

"గుట్ట కింద పాత క్వారీ ఉంది కదా, నీళ్ళు నిండినది. దాని అంచున నిలబడి ఉన్నాను."

"ఎందుకు? అక్కడేం పని నీకు?"

అమ్మ ఆయన వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. పిల్లాడికి లెక్క అర్థం కావడం లేదని తెలిసినప్పుడు పెద్దవాళ్ళు చూస్తారే, అలా చూసింది. నాన్నకి అప్పుడు అర్థమయింది. కత్తి పక్కన పెట్టబోతే అది పళ్ళెం మీద పడి ఖంగుమంది.

నాకు మాత్రం అర్థం కాలేదు. మాటలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి, అన్నీ కలిపితే ఏమిటో తెలియడం లేదు. "అమ్మా, ఏ రోజు?" అన్నాను, అదేదో ముఖ్యమైనట్టు.

"నాన్న ఆ పుస్తకం తెచ్చాడే, దానికి ముందు గురువారం, పిల్లా. నువ్వు మూడింటికి పని నుంచి వచ్చేసరికి పొయ్యి ముందు కూర్చుని వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకున్నాను. ఏమైందని అడిగావు. కోళ్ళ వెనక పరిగెత్తి తడిశానన్నాను."

అవును, అడిగాను. ఆవిడ చెప్పింది. నేను నవ్వి, పైకెళ్ళి బట్టలు మార్చుకున్నాను. మా కోళ్ళు ఆ వారమంతా దొడ్డి దాటలేదు. అది నాకు తెలుసు.

"పైనుంచి నన్ను చూసిందట," అమ్మ చెబుతూనే ఉంది, మెల్లగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "సన్నగా మంచు పడుతోంది. కోటు లేదు నాకు, వంటింటి ఏప్రన్‌తోనే వెళ్ళాను. ఎలా వెళ్ళానో నాకే సరిగ్గా గుర్తులేదు. చేతిలో ఉన్నవన్నీ అక్కడే పడేసి ఆ బండల మీదుగా పరిగెత్తుకొచ్చింది. ఆ వయసులో. ఏమీ అడగలేదు. తన కోటు విప్పి నాకు తొడిగి, నా పక్కన నేల మీద కూర్చుంది. నేను లేచేదాకా తనూ లేవలేదు."

"మరి ఆవిడ చెప్పొచ్చుగా!" నాన్న అరిచినంత పని చేశాడు. "నాతో ఒక్క మాట చెప్తే..."

"చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను. తనూ ఒక మాట తీసుకుంది, డాక్టరు దగ్గరికి రావాలని. రెండు మంగళవారాలు తనే వెంటబెట్టుకుని వెళ్ళింది. మీకు చర్చిలో పూల పని అని చెప్పాను."

"ఆ రోజు నేను ఎక్కడున్నాను?"

"ఎక్కడుంటావు? పైనే. రెండు మైళ్ళ అవతల ఇంకో పెట్టె చూసుకుంటూ."

ఆవిడ ఎత్తిపొడవలేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. నాన్న పళ్ళెం పక్కకి జరిపాడు. "నేనేం తప్పు చేశాను, ఎనిడ్?" అన్నాడు.

"నువ్వేం చేయలేదు. ఎవరూ ఏం చేయలేదు. పొద్దున్న లేస్తే నూట పది పళ్ళాలు సర్దే చేతులు. ఇప్పుడు మూడు. ఆ మూడూ కడిగాక రోజు మిగిలిపోతోంది. అంతకన్నా నాకూ తెలీదు, నన్ను అడక్కు."

మర్నాడు పొద్దున్నే నాన్నా నేనూ మిస్ హానఫర్డ్ ఇంటికి వెళ్ళాం. దారిలో పబ్బు దగ్గర ఆగి ఆ కాగితం పీకేశాను. నాన్న టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపలికి రండి, చలిగాలి," అన్నారావిడ. మా ముఖాలు చూడగానే ఆవిడకి తెలిసిపోయింది. "చెప్పిందన్నమాట. మంచిది."

"మిస్ హానఫర్డ్, నేను రాసింది..."

"దాని సంగతి తర్వాత. తిండి సరిగ్గా తింటోందా?"

నాన్న నా వైపు చూశాడు. నేను నాన్న వైపు చూశాను.

"రాత్రి పడుకుంటోందా? మాత్రలు వేసుకున్నాక మత్తుగా ఉంటోందా, చికాకుగా ఉంటోందా? డాక్టరు అడుగుతాడు రేపు."

రోజుకి మూడుసార్లు ఒకే బల్ల దగ్గర కూర్చునే మనుషులం. ఆవిడ అడిగిన ఒక్కదానికీ మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. మాత్రలున్నాయనే మాకు తెలియదు. చిన్నప్పుడు పాఠం రాక నిలబడ్డ అదే మనిషి ముందు మళ్ళీ అలాగే నిలబడ్డాను, ఈసారి పక్కన మా నాన్న కూడా ఉన్నాడు.

"నా వల్ల మీకు అంత అవమానం..." అన్నాను.

"అయింది," అన్నారు మిస్ హానఫర్డ్. "కాలేదని అనను. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. నీ పెన్సిల్ ముక్కకి కాదులే, ఆ ఈలలకి. నా దగ్గర చదువుకున్నవాళ్ళే సగం మంది." నాన్న వైపు తిరిగి, "రేపు డాక్టరు దగ్గరికి మీరు తీసుకెళ్ళండి, మిస్టర్ కాంటర్. బయట కూర్చోండి. లోపల ఏం మాట్లాడిందని అడక్కండి," అన్నారు.

నాన్న తల ఊపాడు. మంగళవారం అలాగే చేశాడు.

పబ్బులో అందరి ముందూ తన మాట వెనక్కి తీసుకుంటానని నాన్న పట్టుబట్టాడు. శనివారం మధ్యాహ్నమైతే అందరూ ఉంటారు.

"ఎందుకని అడుగుతారు," అంది అమ్మ. "ఏం చెప్తావు?"

"ఏదో ఒకటి చెప్తాను."

"నీకు అబద్ధం చేతకాదు, క్లారెన్స్. చెవులు ఎర్రబడతాయి."

"అయితే ఏమీ చెప్పను. తిట్టుకుంటే తిట్టుకోనీ."

శనివారం పబ్బు కిటకిటలాడుతోంది. నేను బల్లల మధ్య గ్లాసులు ఏరుతున్నాను. మిస్ హానఫర్డ్ కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్నారు. నాన్న బతిమాలితే వచ్చారు. నాన్న మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మిస్ హానఫర్డ్ గురించి నేను రాసింది తప్పు. హాల్లో నేను అడిగిన తీరు తప్పు. ఆవిడ పెట్టె వదిలేసింది నిర్లక్ష్యంతో కాదు. ఒక మనిషికి సాయం కావాల్సి వచ్చి పరిగెత్తింది. ఆవిడ స్థానంలో నేనుంటే..." ఆగాడు. "నేనుంటే ముందు మూత మూసేవాణ్ణేమో. అదే నాకు భయంగా ఉంది."

"ఎవరికి సాయం?" అన్నాడు డెరెక్, గ్లాసు దించకుండానే. "కాళ్ళు విరిగిన గొర్రెకా?"

ఒకరిద్దరు నవ్వారు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. మిస్ హానఫర్డ్ లేచి నిలబడి, "అది ఆ మనిషికి సంబంధించిన..." అని ఏదో అడ్డం వేయబోయారు.

"నాకు," అంది అమ్మ.

తలుపు దగ్గర నిలబడి ఉంది. చర్చికి వేసుకునే నీలం కోటు, మెడకి స్కార్ఫు. మా అమ్మ ఆ పబ్బులో అడుగుపెట్టడం నేను అంతకుముందు చూడలేదు. ఇంట్లో ఉంటానని చెప్పింది మాతో.

"క్వారీ దగ్గర. నాకు ఒంట్లో బాగోలేదు, మనసు బాగోలేదు. అక్కడికి షికారుకి వెళ్ళలేదు నేను. ఆవిడ రాకపోతే మీరు ఈపాటికి నా సమాధి మీదికి పూలు తెచ్చి ఉండేవాళ్ళు. ఇంకేమైనా తెలుసుకోవాలా, డెరెక్? బడిలో నీకు ఆరేళ్ళు కస్టర్డ్ వడ్డించాను, అడుగు."

డెరెక్ గ్లాసు కింద పెట్టాడు. పెద్ద మనిషి, గొర్రెని ఒంటి చేత్తో ఎత్తేవాడు. తల వంచుకుని తన చేతుల వైపు చూసుకుంటూ, "లేదు, మిసెస్ కాంటర్," అన్నాడు. నేను గ్లాసుల ట్రే దగ్గర్లోని బల్ల మీద పెట్టేశాను.

అమ్మ నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి మిస్ హానఫర్డ్ ఎదురుగా కూర్చుంది. "ఇక్కడ టీ ఇస్తారా, పిల్లా, అన్నీ బీర్లేనా?" అని నన్ను అడిగింది. నేను వెళ్ళి నీళ్ళు పెట్టాను. తిరిగొచ్చేసరికి నాన్న కూడా అక్కడే ఉన్నాడు, చిన్న స్టూలు మీద, మోకాళ్ళు పైకొచ్చేలా ముడుచుకుని. ముగ్గురూ వాన గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆ వారమే ముగ్గురు నలుగురు మిస్ హానఫర్డ్ గుమ్మం ముందు ఆనవాళ్ళ కాగితాలు పెట్టి పోయారట. తలుపు తట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ వాటిని వాడుకున్నారు. కానీ డెరెక్‌తో మాత్రం మరో రెండేళ్ళు మాట్లాడలేదు. నాతో మాట్లాడేవారు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

అమ్మ ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు బతికింది. అన్నీ మంచి రోజులు కావు. రెండుసార్లు మళ్ళీ ఆ దిగులులోకి జారింది. అయితే దాచడం మానేసింది. ఆ ఏడే మే నెలలో ఒక పొద్దున, నాన్న బూట్లు వేసుకుంటుండగా, "ఇవాళ నాకు బాగోలేదు," అంది, పాలు అయిపోయాయన్నంత మామూలుగా. పైకి చెప్పడం అదే మొదటిసారి. నాన్న గబగబా లేచి కోటు తొడుక్కుని, తలుపు తీసి, రెండడుగులు బయటికి వేశాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. అలాగే లోపలికి వచ్చి, కోటుతోనే, ఆవిడ పక్కన కూర్చున్నాడు.